గురుగ్రహాన్ని చదివిన చూపు రాయలసీమ ఆకాశానికీ కావాలి

ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల జిల్లాలో పగిడ్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పొలంలో పని చేసుకునే ఎవరికైనా మధ్యాహ్నమయ్యేసరికి ఒక కన్ను ఆకాశం మీదే ఉంటుంది. పొద్దున ఎండ మాడ్చేస్తుంది, పన్నెండు దాటాక ఉక్కపోత మొదలవుతుంది, మూడు గంటలకల్లా మబ్బు కమ్ముతుంది. చూస్తుండగానే ఈదురుగాలి, ఉరుము, పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు లెక్క తేల్చారు. దేశం మొత్తం మీద పిడుగుపాటుకు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లు: రైతులు, కూలీలు, గొర్రెల కాపరులు. ఈ చావులు తగ్గాలంటే మబ్బు కట్టకముందే గాలిలో ఏం జరుగుతోందో తెలియాలి. అది తెలుసుకునే సాధనం ఒకటుంది. దాని సత్తా ఏమిటో మనకు అరవై నుంచి తొంభై కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో తిరిగే గురుగ్రహం దగ్గర తేలిపోయింది. దాని పేరు మైక్రోవేవ్ రేడియోమీటర్. అలాంటివి రెండు ముందుగా నంద్యాల జిల్లాకు రావాలి, అవి పరీక్షలో నెగ్గితే ఆ తర్వాత రాయలసీమ అంతటా వరుసగా ఏర్పాటు కావాలి. గురుగ్రహానికీ మన శనగ చేలకూ సంబంధమేమిటని అడిగేవాళ్లకు ముందు గురుగ్రహం సంగతే చెప్పాలి.

వేడి ఉన్న ప్రతి వస్తువూ ఏదో ఒక తరంగంలో వెలుగుతూనే ఉంటుంది. కొలిమిలో కాలిన ఇనుము ఎర్రగా కనిపించేది అందుకే. చల్లని గాలి కూడా అలాగే వెలుగుతుంది, కాకపోతే ఆ వెలుగు కంటికి ఆనదు; అందులో కొంత భాగం మైక్రోవేవ్‌ల రూపంలో, చాలా బలహీనంగా వస్తుంది. ఏ వాయువు ఏ పౌనఃపున్యాన్ని బాగా పీల్చుకుంటుందో అదే పౌనఃపున్యంలో బాగా వెలువరిస్తుంది కూడా. నీటి ఆవిరికి 22 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆక్సిజన్‌కు 60 గిగాహెర్ట్జ్ దగ్గర, అమోనియాకు 24 గిగాహెర్ట్జ్ దగ్గర అలాంటి గుర్తులున్నాయి. గురుగ్రహం పై పొరల్లో అమోనియా ఉంది కనుక 22 గిగాహెర్ట్జ్‌లో చూస్తే చూపు మేఘాల పై అంచు దగ్గరే ఆగిపోతుంది. పౌనఃపున్యం తగ్గించే కొద్దీ అమోనియా అడ్డు పలచబడుతుంది. 600 మెగాహెర్ట్జ్‌కు వచ్చేసరికి మేఘాలకు వందల కిలోమీటర్ల దిగువన, భూమి మీది గాలి పీడనానికి వంద రెట్లు మించిన చోటు నుంచి బయలుదేరిన వేడి కూడా పైదాకా వస్తుంది. అంటే పౌనఃపున్యం మార్చుకుంటూ పోతే ఒక్కో పొరనూ విడివిడిగా చదువుకోవచ్చు. మామూలు టెలిస్కోపుకు దొరికేది మేఘాల పైభాగం ఒక్కటే.

భూమి మీద నుంచే ఈ పని చేయకూడదా అంటే, 1950ల నుంచి చేస్తూనే ఉన్నారు. చిక్కల్లా పొడవాటి తరంగాల దగ్గరే వచ్చింది. గురుగ్రహపు బలమైన అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరిగే ఎలక్ట్రాన్లు సొంతంగా రేడియో తరంగాలు వెదజల్లుతాయి. పూణె దగ్గరున్న మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపును 610 మెగాహెర్ట్జ్‌లో గురుగ్రహం వైపు తిప్పితే ప్రధానంగా అందేది ఆ ఎలక్ట్రాన్ల ప్రసారమే. లోతు నుంచి వచ్చే సన్నని వేడి ఆ రొదలో మునిగిపోతుంది. నాసా పంపిన జూనో ఈ చిక్కును దగ్గరికి వెళ్లి విప్పింది. 2011 ఆగస్టు 5న బయలుదేరి 2016 జులైలో గురుగ్రహ కక్ష్యలోకి చేరిన ఆ నౌక, ఎలక్ట్రాన్ల వలయానికీ గ్రహానికీ మధ్యనున్న సందులోకి దూరి, మేఘాలకు నాలుగైదు వేల కిలోమీటర్ల ఎత్తులో ఉత్తరం నుంచి దక్షిణానికి దూసుకుపోతుంది. దాని ఒంటికి 600 మెగాహెర్ట్జ్ నుంచి 22 గిగాహెర్ట్జ్ దాకా ఆరు పౌనఃపున్యాలకు ఆరు యాంటెన్నాలు అమర్చారు. వాటిలో పెద్దది ఆరు పలకల నౌకలో ఒక పలకను పూర్తిగా ఆక్రమించింది. నౌక నిమిషానికి రెండు చుట్లు తిరుగుతుంది కనుక ఒకే చోటును ఒకసారి నిట్టనిలువుగా, మరోసారి వాలుగా, ఇంకోసారి ఇంకా వాలుగా చూడగలుగుతుంది. ఈ వాలు చూపుల విలువ ఎంతో కొంచెం సేపట్లో చెబుతాను.

జూనోకు ముందు గురుగ్రహం లోపలికి నేరుగా దిగింది ఒక్కటే సాధనం. 1995 డిసెంబరు 7న గెలీలియో నౌక వదిలిన చిన్న శోధకం మేఘాల్లోకి దూకింది. 57 నిమిషాల పాటు సమాచారం పంపి, భూమి మీది పీడనానికి 22 రెట్ల పీడనం దాకా దిగి మూగబోయింది. అది చేతితో తాకి తెచ్చిన లెక్క, అంతకన్నా నమ్మదగింది ఏముంటుంది అనిపిస్తుంది. కానీ అది చెప్పిన నీటి శాతం శాస్త్రవేత్తలు ఊహించినదానికంటే చాలా తక్కువ. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ శోధకం పడిన చోటు గురుగ్రహం మీద అసాధారణంగా పొడిగా ఉండే ప్రాంతాల్లో ఒకటి. పరికరం పనితనంలో లోపమేమీ లేదు, కొలత కూడా ఖచ్చితమే. అయినా ఒక్క చోట, ఒక్కసారి తీసిన కొలతను గ్రహమంతటికీ అంటగట్టడం కుదరలేదు. గురుగ్రహంలో నీరెంత అన్న ప్రశ్న పాతికేళ్లు అలాగే వేలాడింది. 2020లో జూనో మైక్రోవేవ్ కొలతల ఆధారంగా, భూమధ్యరేఖ దగ్గర గాలిలోని అణువుల్లో నీరు దాదాపు 0.25 శాతం ఉందని, సూర్యుడి పాళ్లతో పోలిస్తే ఇది సుమారు మూడు రెట్లని లెక్క వచ్చింది.

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొక నమ్మకానికి తగిలింది. ఎండ చేరని లోతులో, మేఘాల అడుగుకు దిగువన, వాయువులన్నీ ఒకే పాళ్లలో కలిసిపోయి ఉంటాయని దశాబ్దాలుగా అనుకున్నారు. ఏ నమూనా కట్టినా అక్కడి నుంచే మొదలుపెట్టేవారు. 2016 ఆగస్టు 27న జూనో మొదటిసారి గురుగ్రహాన్ని దగ్గరగా దాటినప్పుడే ఆ నమ్మకం చెదిరింది. భూమధ్యరేఖ పక్కన అమోనియా నిండుగా ఉన్న సన్నటి పట్టీ ఒకటి లోతు దాకా దిగి ఉంది. మిగతా చోట్ల రెండు వందల కిలోమీటర్ల లోతులో కూడా అమోనియా పలచగానే ఉంది. ఎందుకిలా అన్నదానికి, అమోనియా నీటి మంచులో కరిగి బరువైన వడగళ్లుగా మారి లోతుకు పడిపోతుందన్న వివరణ 2020లో వచ్చింది. దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది. పైకి తెల్లగా, గోధుమరంగుగా కనిపించే పట్టీలు కూడా లోతుకు వెళ్లేసరికి గుణం మార్చుకున్నాయి: పైన మైక్రోవేవ్‌లో ఎక్కువగా వెలిగే పట్టీ కింద మసకబారింది, పైన మసకగా ఉన్నది కింద వెలిగింది. భూమి కంటే వెడల్పైన ఎర్ర మచ్చ అనే తుపాను వేళ్లు ఎంత దూరం దిగాయో కూడా ఈ పద్ధతితో, గురుత్వాకర్షణ కొలతలతో కలిపి, కొన్ని వందల కిలోమీటర్లని తేలింది. నాలుగు వందల ఏళ్లుగా టెలిస్కోపుల్లో చూస్తున్న గ్రహం గురించి ఇన్ని సంగతులు తెలియకుండానే ఉండిపోయాయి.

ఇప్పుడు మన ఆకాశానికి వద్దాం. గాలి లోపలి పొరల్లో వేడి, తేమ ఎంతెంతో తెలుసుకోవడానికి వాతావరణ శాఖ ప్రధానంగా నమ్ముకున్నది బెలూన్‌ను. హైదరాబాద్, చెన్నై, మచిలీపట్నం, బెంగళూరు వంటి కేంద్రాల నుంచి రేడియోసాండ్ అనే కొలత పరికరం కట్టిన బెలూన్లను వదులుతారు. ప్రపంచమంతటా పాటించే వేళలు మన గడియారంలో ఉదయం 5.30, సాయంత్రం 5.30. రాయలసీమలో వేసవి పిడుగులకు కావలసిన సరంజామా అంతా కుదురుకునేది సరిగ్గా ఈ రెండు వేళల మధ్య. తెల్లవారుజామున ఎగిరిన బెలూన్‌కు మధ్యాహ్నం రెండింటికి నేల సెగకు ఎగదన్నిన ఆవిరి సంగతి తెలిసే అవకాశం లేదు. సాయంత్రం బెలూన్ ఎగిరే వేళకు చాలాసార్లు పిడుగు పడిపోయి ఉంటుంది. చోటు లెక్కన చూసినా అంతే. చెన్నై మీద తీరపు గాలి, హైదరాబాద్ మీద దక్కను గాలి. నల్లమల అంచున ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డల మీది గాలి ఆ రెండింటికీ సగటుగా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. గెలీలియో శోధకం చేసినట్టే బెలూన్ కూడా తాను వెళ్లిన దారిని ఖచ్చితంగా కొలుస్తుంది. ఆ కొలతను మిగతా చోట్లకు, మిగతా గంటలకు సాగదీసేది మనమే.

ఈ లోటును మైక్రోవేవ్ రేడియోమీటర్ పూడ్చగలదని మన రాష్ట్రంలోనే రుజువైంది. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే పెద్ద ఎంఎస్‌టీ రాడార్ వల్ల దానికి దేశదేశాల్లో పేరు. అదే ప్రాంగణంలో ఒక మైక్రోవేవ్ రేడియోమీటర్ కూడా ఆకాశాన్ని గమనించింది. చూడటానికి అది కాళ్ల మీద నిలబెట్టిన ఒక పెట్టె. లోపల ఒక అద్దం కోణం మార్చుకుంటూ ఆకాశం నుంచి వచ్చే తరంగాలను లోపలికి మళ్లిస్తుంది. పై కప్పు మీద చినుకు, మంచు నిలవకుండా ఫ్యాను గాలి కొడుతూ ఉంటుంది. 22 నుంచి 30 గిగాహెర్ట్జ్ వరకున్న చానెళ్లతో తేమను, 51 నుంచి 59 వరకున్న వాటితో ఉష్ణోగ్రతను కొలుస్తుంది. రాడార్ లాగా అది తరంగాలను పంపదు. వచ్చేవాటిని అందుకుంటుంది, అంతే. అయితే రాత్రీ పగలూ నిమిషాల తేడాతో కొలుస్తూనే ఉంటుంది. గాదంకిలో ఉరుముల వానలు కురిసిన రోజుల కొలతలను విశ్లేషించి 2013లో ప్రచురించిన పరిశోధన, వానకు కొన్ని గంటల ముందే గాలి అస్థిరత సూచికల్లో, తేమలో స్పష్టమైన మార్పు కనిపించిందని చూపింది. ఆ కొన్ని గంటలే పగిడ్యాల పొలంలో ఉన్న మనిషికి కావాలి.

మెరుపుల విషయంలోనూ జూనో చెప్పింది గమనించదగ్గది. దాని 600 మెగాహెర్ట్జ్ యాంటెన్నా మొదటి ఎనిమిది పరిభ్రమణాల్లో 377 మెరుపుల సంకేతాలను పట్టింది. అవి ధ్రువాల వైపు గుమిగూడాయి, భూమధ్యరేఖ దగ్గర ఒక్కటీ లేదు. ఎండ ఎక్కువ తగిలే చోటే మెరుపులు ఎక్కువని మన అనుభవం; అక్కడ అది తలకిందులైంది. దానికి శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ పొరల అమరికకే దారి తీస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఎండ పై పొరలను వేడెక్కించి కింది గాలి పైకి లేవకుండా మూత వేస్తుంది. ధ్రువాల దగ్గర ఆ మూత లేదు కనుక గ్రహం లోపలి వేడి గాలిని పైకి తన్నుతుంది. ఎక్కడ పిడుగు పుడుతుందో నిర్ణయించేది ఏ పొర ఎంత వేడిగా, ఎంత తేమగా ఉందన్నది. అందుకే మేఘాల ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా పిడుగు హెచ్చరికకు చాలదు.

ఉపగ్రహాలు ఉండగా నేల మీద ఈ పెట్టెలెందుకని అడిగేవాళ్లుంటారు. ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే ఉపగ్రహాల్లో మైక్రోవేవ్ రేడియోమీటర్లు పంపడంలో భారత్‌ది పాత చెయ్యి. 1979లో ఎగిరిన భాస్కర-1లోనే సమీర్ అనే రేడియోమీటర్ ఉంది. 1999లో ఓషన్‌శాట్-1, 2011లో ఫ్రాన్స్‌తో కలిసి చేసిన మేఘా ట్రాపిక్స్ కూడా అలాంటి పరికరాలను శ్రీహరికోట నుంచే మోసుకెళ్లాయి. అయితే ఉపగ్రహం పై నుంచి కిందికి చూస్తుంది. సముద్రం మైక్రోవేవ్‌లో మసకగా ఉంటుంది కనుక దాని మీది తేమ బాగా కనిపిస్తుంది. నేల మాత్రం మైక్రోవేవ్‌లో గట్టిగా వెలుగుతుంది. మే నెలలో కాలిన మన నల్లరేగడి వెలుగు ముందు దాని మీది ఒకటి రెండు కిలోమీటర్ల గాలిలోని ఆవిరి విడిగా కనిపించడం కష్టం. జూనోకు ఈ ఇబ్బంది లేదు, గురుగ్రహానికి నేలే లేదు కనుక. నేల మీద నిలబడి పైకి చూసే రేడియోమీటర్‌కూ లేదు, దాని వెనుక ఉన్నది అతి శీతల అంతరిక్షం. పైగా మైక్రోవేవ్ పరికరాలున్న ఉపగ్రహాలు తక్కువ ఎత్తులో తిరుగుతూ ఒక ఊరి మీదికి రోజులో కొన్నిసార్లే వస్తాయి. ఎప్పుడూ మన నెత్తినే ఉండే ఇన్సాట్-3డీ తరగతి ఉపగ్రహాలు పరారుణ కిరణాలతో కొలుస్తాయి, వాటికి మేఘం అడ్డం. కింది గాలి సంగతి కింద నుంచే చూడాలి.

డాప్లర్ రాడార్లు, పిడుగులను గుర్తించే సెన్సార్ల వలయం ఉన్నాయి కదా అన్నది రెండో మాట. ఉన్నాయి, వాటి ఆధారంగా విపత్తు నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో ఫోన్లకు హెచ్చరికలు పంపుతోంది, వాటివల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి కూడా. ఆ పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ వాతావరణ రాడార్‌కు కనిపించేది చినుకులు, వడగళ్లు తయారయ్యాక. సెన్సార్ల వలయానికి తెలిసేది మెరుపు మెరిశాక. పక్క మండలంలో మొదలై మన మీదికి కదిలొచ్చే మేఘం విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది. నెత్తి మీదే కట్టి నెత్తి మీదే విరుచుకుపడే మేఘం విషయంలో మొదటి పిడుగుకు హెచ్చరిక చాలా ఆలస్యంగా వస్తుంది. అప్పటికే చెట్టు కింద చేరినవాళ్లకు ఆ సందేశం ఉపయోగపడదు. రేడియోమీటర్ ఇవ్వగలిగేది అంతకు ముందు దశ: ఈ మధ్యాహ్నం ఈ ప్రాంతపు గాలి పిడుగుకు సిద్ధమవుతోందన్న సూచన. ఏ చేనులో పడుతుందో అది చెప్పలేదు. దీన్ని తెచ్చుకుని రాడార్‌ను పక్కన పెట్టాలనడం లేదు, రెండూ ఒకదాని వెంట ఒకటి పనిచేయాలి.

ఈ కొలత మీద శాస్త్రజ్ఞుల నుంచే వచ్చే అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. రేడియోమీటర్ తేమను నేరుగా కొలవదు. అది పట్టేది వెలుగును. ఆ వెలుగుకు కారణమైన పొరలను లెక్కలు కట్టి ఊహించాలి, ఒకే వెలుగుకు రెండు మూడు రకాల పొరల అమరికలు సరిపోవచ్చు. నిజమే. గురుగ్రహం దగ్గర కూడా నీటి ప్రభావం అమోనియా ప్రభావంలో కలిసిపోయి విడదీయడం చాలా కష్టమైంది. దాన్ని మూడు దారుల్లో దాటారు. ఆరు పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి సరిచూశాయి. వాలుగా చూసినప్పుడు వెలుగు ఎంత తగ్గిందన్న తేడాను వెయ్యిలో ఒక వంతు ఖచ్చితత్వంతో పట్టుకునేలా పరికరాన్ని కట్టారు. మొత్తం కొలతలో పొరపాటున్నా ఈ తేడాలో అది చాలావరకు కొట్టుకుపోతుంది. జార్జియా టెక్‌లో పాల్ స్టెఫెస్ బృందం గురుగ్రహపు పీడనాన్ని ప్రయోగశాలలోనే సృష్టించి అమోనియా, నీటి ఆవిరి మైక్రోవేవ్‌లను ఎంత పీల్చుకుంటాయో కొలిచింది. నేల మీది పరికరానికీ ఇలాంటి క్రమశిక్షణే కావాలి. జోరువానలో దాని లెక్క నమ్మలేం. మూడు నాలుగు కిలోమీటర్ల పైన సన్నని పొరలను విడదీయలేదు. అప్పుడప్పుడు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో సరిచూడాలి. ద్రవ నత్రజని అంటే బెంబేలు పడనక్కరలేదు, పశువుల కృత్రిమ గర్భధారణకు వీర్యం నిల్వ చేసే డబ్బాల్లో ఉండేది అదే. ఇక వాన పడుతుండగా లెక్క చెడితే మనకు పెద్ద నష్టం లేదు. మనకు కావలసింది వానకు ముందు గంటలు.

గురుగ్రహం పాఠాలు భూమికి పనికిరావు అనేవాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. అక్కడి గాలి హైడ్రోజన్, హీలియం. తేమ చేరితే గాలి బరువెక్కుతుంది. ఇక్కడ తేమ చేరిన గాలి తేలికవుతుంది. అక్కడి తుపాను సూత్రాలను తెచ్చి నంద్యాలకు అతికించలేం. దాటి వచ్చేది కొలిచే విద్య. ఆ విద్య ఒక లోకం నుంచి మరో లోకానికి ప్రయాణించడం కొత్త కాదు. 1962లో మెరైనర్-2 నౌక శుక్రుడి పక్కగా వెళ్లినప్పుడు దాని రేడియోమీటర్ ఇదే వాలు చూపు పద్ధతితో, అక్కడి విపరీతమైన వేడి నేల దగ్గర నుంచే వస్తోందని చూపింది. అప్పటి పద్ధతికి పదును పెట్టింది జూనో. వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన ఆ యాత్ర సమాచారం అంతా నాసా భాండాగారంలో ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఉంది. కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం, ట్రిపుల్‌ఐటీడీఎం విద్యార్థులు వెలుగు లెక్క నుంచి పొరల లెక్క రాబట్టే గణితాన్ని ఆ సమాచారం మీద ఈ ఏడాదే సాధన చేయవచ్చు, పైసా ఖర్చు లేకుండా. రేపు నంద్యాల రేడియోమీటర్‌ను నడపాల్సింది ఆ పిల్లలే.

పరికరాన్ని ఎక్కడ పెట్టాలన్నదానికి నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం తగిన చోటు: స్థలముంది, రైతులతో రోజువారీ సంబంధముంది. రెండోది పగిడ్యాల వైపు, శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉండాలి. వర్షాకాలంలో సముద్రంలా పరచుకుని, వేసవిలో సంగమేశ్వరాలయం బయటపడేంతగా వెనక్కి తగ్గే ఆ నీరు చుట్టుపక్కల గాలికి ఎంత ఆవిరి ఇస్తుందో, పిడుగుల్లో దాని వాటా ఎంతో పక్కనే ఉండి కొలిస్తే తెలుస్తుంది. మొదట రెండు పరికరాలనూ కొన్నాళ్లు గాదంకి దగ్గర బెలూన్ల పక్కన నడిపి సరిచూసి, ఆ తర్వాత ఇక్కడికి తేవాలి. మొదటి రెండు వేసవులూ హెచ్చరికలను ప్రజలకు పంపకుండా లోలోపల పరీక్షించాలి. ఆ పరీక్షలో సరిగా చెప్పినవి ఎన్ని, చెప్పకుండా వదిలేసినవి ఎన్ని, అనవసరంగా భయపెట్టినవి ఎన్ని అన్న మూడు అంకెలనూ ప్రతి నెలా రైతు సేవా కేంద్రాల నోటీసు బోర్డుల మీద రాయించాలి. ఆ మూడు అంకెలు చూసి, వరుసలో మిగతా పరికరాలు కొనాలా వద్దా అన్నది నిర్ణయించుకోవచ్చు.